సాక్షిని కడగొద్దు

తిరుత్తణి బైపాసు పక్కన కార్లు కడిగే షెడ్డు పెట్టుకున్న అక్కచెల్లెళ్ళు ఇద్దరున్నారు, వల్లి, మీనా. మా పొదటూరుపేట వాళ్ళే, వరసకు నాకు మనవరాళ్ళు. ఈమధ్య పాత కార్ల లోపలి తెల్ల సీట్లు శుభ్రం చేసే పని కూడా ఒప్పుకుంటున్నారు. "తాతా, ముప్పై యేండ్లు ఇదే పని చేసినావు గదా, తెలిసిందంతా రాసియ్యి" అని ఒక నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నేను తెలుగులో తప్ప రాయలేను. వాళ్ళకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు, బడి చదువంతా అరవంలోనే అయింది. వాళ్ళమ్మ చదివి వినిపిస్తుందట. అమ్మాయీ, నేను నీ కూతుళ్ళను తిట్టిన చోట గొంతు తగ్గించకుండా చదువు.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు సొంత షాపు పెట్టాను అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు. నేను చేసిన తప్పులు రెండు రాస్తాను. ఒకటి పసుపు మరకతో చేసింది, అది మూడు రోజుల్లో పోయింది. రెండోది నోరు మూసుకుని చేసింది. నిజానికి దానికోసమే కలం పట్టుకున్నాను.

తెల్ల రెక్సిన్ సంగతి

మీరు ఇప్పుడు వినైల్ అంటున్నారు. మేము రెక్సిన్ అనేవాళ్ళం. డెబ్బైల్లో మా షాపుకు వచ్చే పెద్ద విదేశీ కార్లలో తెల్ల సీట్లుండేవి. కారుతోపాటు వచ్చిన సీటు అది. చిరిగితే అలాంటి గుడ్డ, అలాంటి గీతలు, అలాంటి అంచుకుట్టు ఇక్కడ దొరకవు. మద్రాసులో దొరికే తెల్ల రెక్సిన్ వేస్తే కొత్తగా ఉంటుంది, కానీ అది ఆ కారు సీటు కాదు. అందుకే ఈ పనిలో మొదటి సంగతి, సీటు మురికిగా ఉన్నా బతికే ఉంటుంది. దాన్ని చంపేది చాలాసార్లు మురికి కాదు, మనమే.

డ్రైవర్లు మెరుపు కోసం కొబ్బరినూనె పూసేవాళ్ళు. రెండు రోజులు మెరిసి, ఆ తర్వాత దారిలోని దుమ్మునంతా పట్టుకునేది. కొందరు సీటు మాయకుండా ఉంటుందని వార్తాపత్రికలు పరిచేవాళ్ళు. ఎండకు ఆ అక్షరాలు సీటుకే అచ్చుపడేవి. ఒకాయన సీటు మీద సినిమా ప్రకటన మొత్తం చదవగలిగాను. కొత్త లుంగీ రంగు ఎక్కితే ఇక దిగదు, ఎందుకంటే రెక్సిన్ రంగును తాగుతుంది. అప్పుడు కారు యజమానికి "ఇది పోదండీ" అని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళు ఈ పనికి రావద్దు. కుంకుడు రసం వెండికి మంచిది, పట్టుకు మంచిది, తెల్ల రెక్సిన్‌కు మాత్రం తన రంగు తాను అంటిస్తుంది. ముందు పొడి కుంచెతో కుట్ల సందుల్లో దుమ్ము దులపాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో మెత్తని సబ్బు కొద్దిగా వేసి, నలిగిన నూలుగుడ్డతో తుడవాలి, వెంటనే మంచినీళ్ళ గుడ్డతో ఆ సబ్బు ఎత్తెయ్యాలి. ఇంతే పని. మిగతాదంతా ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమే.

గోవిందసామి మేస్త్రి

అది నాకు నేర్పినవాడు గోవిందసామి మేస్త్రి. పాండూరు మనిషి. తిరువళ్ళూరు రైలు గేటు దగ్గర రేకుల షెడ్డులో ఆయన సీట్ల షాపు. నేను మగ్గం వదిలేసి పని అడగడానికి వెళ్ళినప్పుడు నాకు ఇరవైనాలుగేళ్ళు. ఆయన నా ఊరు అడిగాడు, కులవృత్తి అడిగాడు, తర్వాత రెండు తెల్లగుడ్డ ముక్కలు చేతికిచ్చాడు.

"ఇందులో యేది తెలుపు?"

"రెండూ తెలుపే. దీనికి మాత్రం నీలం పెట్టినారు" అన్నాను.

"నేసేవాడి కన్ను అప్పా నీది. రేపట్నించి రా" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ను మామా అనే పిలిచాను. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు అలవాటు అంతే. మంచివాడే గాని కోపం ముక్కు మీదే ఉండేది. గుడ్డ తప్పుగా పిండినా తిట్టేవాడు, సరిగ్గా పిండి తప్పుగా ఆరవేసినా తిట్టేవాడు. మధ్యాహ్నం మాత్రం తన క్యారియరులోని చింతపులుసు సగం నాకు పోసేవాడు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. సీటులో వీపు ఆనే దిండు, కూర్చునే దిండు కలిసే చోట లోతుగా ఒక ముడత ఉంటుంది. దాన్ని ఎత్తి చూస్తే రెండు వేళ్ళ వెడల్పున రెక్సిన్ కనిపిస్తుంది. అక్కడ ఎవరూ కూర్చోరు, ఎండ పడదు, చెమట తగలదు. కారు పుట్టినప్పుడు ఉన్న తెలుపు అదే. దాన్ని మా షాపులో సాక్షి అనేవాళ్ళం.

"సాక్షిని కడగొద్దు" అన్నది మేస్త్రి మొదటి రోజు చెప్పిన మాట. "సీటంతా తుడిచినంక సాక్షిని ఎత్తి పక్కన పెట్టి సూడు. రెండూ ఒకటైనాయా, చెయ్యి తీసెయ్యి. సాక్షి కంటే తెల్లంగా చేస్తానని పోయినావంటే సీటు చచ్చిపోతాది."

వల్లీ, మీనా, మీకు కూడా నేను మొదటి రోజు చెప్పింది ఇదే. మిగతా మాటలు మరిచిపోయినా నష్టం లేదు.

కనకమ్మ గారి కారు

మా షాపుకు వచ్చే కార్లన్నిటిలో మేస్త్రికి ప్రాణం తామరైపాక్కం కనకమ్మ గారి కారు. పొడుగాటి అమెరికా కారు, ముందు సీటు బెంచీలాగా ఒకే దిండు. ఆమె భర్త మద్రాసులో ఒక దొర దగ్గర కొన్నాడట. ఆయన పోయాక కారు అమ్మేస్తుందని అందరూ అనుకుంటే, ఆమె డ్రైవింగు నేర్చుకుంది. కొంగు నడుముకు దోపి, సీటు మీద తువ్వాలు పరుచుకుని, తామరైపాక్కం నుంచి తిరువళ్ళూరుకు తానే నడుపుకుంటూ వచ్చేది. రైలు గేటు దగ్గర జనం నిలబడి చూసేవాళ్ళు. ఆమె హారను కొట్టి, "యేం, ఆడమనిసిని సూడలేదా?" అని అరిచేది.

సీటు మార్చుకుంటే బాగుంటుందని ఒకసారి ఎవరో సలహా ఇచ్చారు. "మారిస్తే కొత్త సీటు వస్తాది. మా ఆయన కూసున్న సీటు వస్తాదా?" అంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ప్రతి ఏడూ ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ ఆడికృత్తికకు ఆమె చుట్టాలను ఎక్కించుకుని తిరుత్తణికి పోయి, ఆ మరుసటి వారం కారును మా షాపులో వదిలేది.

పసుపు మరక

నేను చేరిన రెండో ఏడు అలాగే వదిలింది. మేస్త్రి ఊళ్ళో లేడు. తలుపు తీసి చూస్తే వీపు దిండు మీద తలకాయంత పసుపు మరక. ఎవరో చుట్టం కొండ మీద గుండు చేయించుకుని, తలకు పసుపు, చందనం పట్టించుకుని, దారి పొడవునా సీటుకు ఆనుకుని నిద్రపోయినట్టుంది. తిరుత్తణి దారిలో తెల్ల సీట్లకు వచ్చే జబ్బే ఇది. వేరే ఊళ్ళ షాపులకు గ్రీజు మరకలొస్తే, మాకు గుండ్ల మరకలొచ్చేవి.

మేస్త్రి వచ్చేలోపు తీసేసి మెప్పు పొందాలని నాకు దుగ్ధ. బట్టల సబ్బు తీసుకుని గట్టిగా రుద్దాను. రుద్దుతుండగానే మరక ఎర్రబడింది. ఇంకా రుద్దాను, ఇంకా ఎర్రబడింది. చివరికి తెల్ల సీటు మీద ఎవరినో పొడిచినట్టు తయారైంది. పెట్టె సర్దుకుని పొదటూరుపేట బస్సెక్కుదామా అని నిజంగానే అనుకున్నాను.

అప్పుడే మేస్త్రి వచ్చాడు. సీటు చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకుంటే నవ్వడం మొదలుపెట్టాడు.

"మీ ఇంట్లో ఎప్పుడూ ఆరతి తీయలేదారా? పసుపునీళ్ళలో సున్నం కలిపితే యేమైతాది?"

"ఎర్రనీళ్ళు."

"సబ్బులో యేముండాది? సున్నం గుణమే గదా! కనకమ్మ సీటుకు ఆరతి తీసినావు పో!"

ప్రతి పెళ్ళిలో, ప్రతి పురిటి ఇంట్లో ఆ ఎర్రనీళ్ళు చూసినవాణ్ణి. మా అమ్మ కలుపుతుంటే పక్కన నిలబడినవాణ్ణి. ఇంటి విషయం ఇంట్లోనే వదిలేసి షాపుకు వచ్చాను, అదీ నా తప్పు. చదువుకున్నవాళ్ళు కూడా ఇదే తప్పు చేయడం తర్వాత చాలా చూశాను.

మేస్త్రి నిమ్మకాయ కోసి ఆ రసంలో ముంచిన గుడ్డతో అద్దాడు. ఎరుపు పోయి మళ్ళీ పసుపైంది. నీళ్ళగుడ్డతో తుడిచి, సీటు విప్పి బయటికి తెచ్చి, మరక ఉన్న చోటు తప్ప మిగతాదంతా మందపాటి దుప్పటితో కప్పి ఎండలో పెట్టాడు. తెల్ల రెక్సిన్‌కు ఎండ శత్రువని నాకు నేర్పింది ఆయనే. అదే అడిగాను.

"సీటుకు శత్రువే. పసుపుకు ఇంకా పెద్ద శత్రువు. పొద్దుటి ఎండ మూడు దినాలు, అంతే. సుమ్మా కూసోని కాపలా కాయి, చెయ్యి మాత్రం పెట్టొద్దు" అన్నాడు.

మూడో రోజుకు మరక కనబడలేదు. ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా పనేనని నాకు ఆ మూడు రోజుల్లో తెలిసింది. కనకమ్మ గారు వచ్చి సీటు తడిమి చూసి, "గుండోడు మల్లా ఎక్కితే డిక్కీలో పండబెడతా" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను నోరు మూసుకున్న ఏడు

ఇక రెండో తప్పు. ఇది ఎనభైలు వచ్చాక జరిగింది.

మేస్త్రి పని తీరు మారింది. ఒకప్పుడు ఒక పూటలో ఆపే సీటును రెండు రోజులు రుద్దేవాడు. "ఇంకా పచ్చంగానే ఉండాదే" అని గొణుక్కునేవాడు. (అమ్మాయీ, పచ్చ అంటే ఇక్కడ పసుపు రంగని పిల్లలకు చెప్పు. అరవంలో చదువుకున్న బుర్రలు, ఆకురంగు అనుకుంటారు.) నాకు మాత్రం ఆ సీటు తెల్లగానే కనిపించేది. సాక్షిని ఎత్తి చూడడం కూడా ఆయన మానేశాడు. ఇన్నేళ్ళ అనుభవం, చూపుతోనే తెలుస్తుందనుకున్నాడేమో.

ఆ ఏడు ఆడికృత్తిక తర్వాత కనకమ్మ గారి కారు వచ్చింది. నడిపేవాళ్ళు కూర్చునే పక్కన అంచు మీద మేస్త్రికి పసుపు కనబడింది. సబ్బుకు పోలేదు. పోవడానికి అక్కడ ఏమీ లేదు. ఆయన పెయింటు వాళ్ళ థిన్నరు సీసా తెచ్చి గుడ్డకు అద్దుకుని రుద్దాడు. థిన్నరు మురికిని తీయదు, రెక్సిన్ పై పొరనే తీసేస్తుంది. అరచేయంత మేర సీటు మెరుపు పోయి, సుద్దలాగా గరుకుగా అయింది. అలాంటి చోట తర్వాత మురికి లోపలికి దిగుతుంది, కొన్నాళ్ళకు పగుళ్ళొస్తాయి.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. చూశాను. ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదో చాలాసార్లు ఆలోచించాను. గౌరవం అని చెప్పుకోవచ్చు. కానీ అందులో సగం భయం. నాకు తెలుపు నేర్పినవాడికి ఇది తెలుపు అని నేనెలా చెప్పేది? ఇంకో నీచమైన సంగతి కూడా ఉంది, రాసేస్తాను. తప్పు ఆయనది, నాది కాదు కదా అనే నిశ్చింత. పనిలో ఇంతకంటే చెడ్డ ఆలోచన లేదు. అలా ఏడాది గడిపాను. ఆ ఏడాదిలో ఇంకెన్ని సీట్లకు ఆ సీసా మూత తీశాడో నాకు తెలుసు, ఇక్కడ రాయడానికి చేయి రావడం లేదు.

మరుసటి ఆడి నెలలో కనకమ్మ గారు మళ్ళీ వచ్చింది. ఈసారి కారు వదిలి వెళ్ళలేదు, బస్సు దొరకదని బెంచీ మీద కూర్చుంది. మేస్త్రి తలుపు తీసి చూశాడు.

"యేందమ్మా ఇది, సీటంతా పచ్చబడిపోయిందే! యేకాంబరం, థిన్నరు డబ్బా తీసుకోని రా. మొత్తం పట్టాల్సిందే."

మొత్తం అన్నాడు. ఆమె భర్త కూర్చున్న సీటు, ఒక పూటలో సుద్దముక్క అయిపోతుంది. డబ్బా చేతిలో పట్టుకుని వచ్చాను గాని ఇవ్వలేదు.

"మామా, ఒకసారి సాక్షిని సూడు" అన్నాను.

"నాకు జెప్తావా?"

"ఒకసారి సూడు మామా."

విసుగ్గా వంగి ముడత ఎత్తాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి ముఖం ఎర్రబడింది.

"సాక్షిని యెవుడు ముట్టినాడు? ఇదీ పచ్చంగానే ఉండాదే! నువ్వా? పోయిన తూరి సబ్బు పట్టించినావా?"

"యెవురూ ముట్టలేదు మామా."

"మరి యెట్ల పచ్చబడింది?"

ఆయన కళ్ళు షెడ్డు గోడ మీద పడ్డాయి. ఆ గోడకు రెండు రోజుల కింద నేనే సున్నం కొట్టాను. గోడను చూశాడు, నేను కట్టుకున్న వేష్టిని చూశాడు, తన చేతిలోని నూలుగుడ్డను చూశాడు.

"యేకాంబరం, ఈ గోడ యే రంగు?"

"తెలుపు మామా."

"నీ వేష్టి?"

"తెలుపే."

గుడ్డను మడతపెట్టి బానెట్టు మీద పెట్టాడు. ఎప్పుడూ అలా మడతపెట్టి ఎరగడు. ఆ మనిషి అంత నెమ్మదిగా కదలడం చూసి నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కనకమ్మ గారు బెంచీ మీంచి లేచింది. ఆమెకు మొత్తం అర్థమైంది. ఓదార్పు మాటలు ఆమెకు చేతకావు.

"కంట్లో పువ్వు పడుంటాది. మా ఆయనకీ పడింది. ఎక్కు గోవిందసామీ, డాక్టరు దగ్గరికి పోదాం."

"సీటు ఇంకా తుడవలేదమ్మా."

"సీటు యాడికి పోతాది? ఎక్కు."

తాను శుభ్రం చేయని సీటు మీద మేస్త్రి కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అంచు మీద, బరువు పడకుండా కూర్చున్నాడు.

తర్వాత

మద్రాసులో శుక్లాల ఆపరేషను అయింది. ఆ రోజుల్లో వారాల తరబడి కట్టు, తర్వాత సీసా అడుగంత మందం కళ్ళజోడు. ఈలోగా కనకమ్మ గారి సీటు నేనే తుడిచాను, గోరువెచ్చని నీళ్ళతో, సాక్షిని చూసుకుంటూ. ఒక పూటలో అయిపోయింది. అరచేయంత గరుకు మాత్రం అలాగే ఉంది, దానికి మందు లేదు.

మేస్త్రి షాపుకు వచ్చిన రోజు కనకమ్మ గారు కారు తెచ్చి చూపించింది. ఆయన ముడత ఎత్తి చూశాడు, సీటు చూశాడు, తల ఊపాడు. తర్వాత సీటు మీద చెయ్యి జరుపుతూ పోయి ఆ గరుకు దగ్గర ఆపాడు.

"ఇది నేను చేసిందేనా?"

సీటు పాతదై వచ్చిందని చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. "అవును మామా, పోయిన యేడు."

"అప్పుడు నువ్వు యాడుండావు?"

"ఇక్కడే, పక్కనే."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కనకమ్మ గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. ఆమె, "సర్లే, ఆ పక్కన నేనే కూసునేది, కప్పేసుకుంటా" అని తువ్వాలు సర్దుకుంది.

అప్పట్నుంచి ఆయన బతికున్నంత కాలం, ఏ సీటు ముగించినా నన్ను పిలిచేవాడు. ముడత తాను ఎత్తి పట్టుకుని, చూడమని నాకు చెప్పేవాడు. నా సీటు ముగిస్తే నేను ఎత్తి పట్టుకునేవాణ్ణి, ఆయన చూసేవాడు. మా షాపు నేర్చుకున్నది అదొక్కటే.

పోయిన నెల వల్లి, మీనా ఒక పాత కారు సీటు విప్పి, నాకు చూపించడానికి ఇంటికి తెచ్చారు. చూశాను. "ఇంకా పచ్చంగా ఉండాది, ఇంకోతూరి సబ్బు పట్టండి" అన్నాను. వల్లి అప్పుడే గుడ్డ అందుకుంది. మీనా దాని చెయ్యి పట్టుకుని ఆపి, ఎండ తగలని అంచు మడత విప్పి నా ముందు పెట్టింది.

"తాతా, సాక్షిని సూడు."

చూశాను. అది కూడా అదే రంగులో ఉంది. సాక్షిని ఎవరు ముట్టారే అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"మీనా, నా వేష్టి యే రంగు?"

"తెలుపే తాతా. పొద్దన్నే గదా కట్టుకున్నావు" అంది. మళ్ళీ తనే, "కంటి డాక్టరుకు రేపు టోకెన్ తీసుకుంటా" అంది.

మేస్త్రి కథ అప్పటికి దానికి నేను చెప్పలేదు. నాకు ఏడాది పట్టిన మాటను ఆ పిల్ల మడత విప్పినంత సేపట్లో చెప్పేసింది. దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాను.

వచ్చే వారం ఆపరేషను. అంతకు ముందే ఈ పుస్తకం ముగించాలని కూర్చున్నాను. కాగితం నాకు పచ్చగానే కనిపిస్తోంది. తెల్లదే అని మీనా చెప్పింది, ఆ మాట నమ్మి రాస్తున్నాను.